ఒక శరణుకు రెండు శరణులు

శ్రీ గురు బసవలింగాయ నమః

 

లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము అను పంచాచారముల పేర్లను మన యిండ్లలో ఎనిమిదేండ్ల పిల్లవాడు కూడ తడుముకొనకుండ అప్పగించును. గణాచారమనగా నేమి నాయనా అని అడిగినచో, శివనింద జరుగుచోట వింటూ కూర్చుండరాదని చెప్పును. చక్కగా చెప్పినాడని మనము మురిసిపోవుదుము. కాని ఆ శివనింద యెక్కడ జరుగుచున్నదో, అది చెవినబడినప్పుడు తానేమి చేయవలెనో ఆ పసివానికి మనము చెప్పితిమా? శివుడు గుడిలోని శిలయందే గాక ప్రతి దేహమునందును నెలకొని యున్నాడని నమ్మిన మార్గము మనది. ఆ నమ్మకము నోటిమాట గాక నిజమే యైనచో, తోటి పిల్లవానిని నలుగురిలో అవమానించుట కూడ శివనిందయే. ఆ నింద నేడు రచ్చబండ మీదకంటె, బడి ఆవరణలోకంటె, మన చేతిలోని ఫోనునందు ఎక్కువగా సాగుచున్నది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు దానిని ఎదిరించి నిలుచుట నేర్పవలెనని మనవి చేయుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఫోను ద్వారా గాని అంతర్జాలము ద్వారా గాని ఒకరిని పదేపదే గేలి చేయుట, బెదరించుట, పదిమందిని కూడగట్టి వెలివేయుట, వీనిని సైబర్ వేధింపు అని నేడు వ్యవహరించుచున్నారు. ఇది పెద్ద పట్టణముల పిల్లలకు, కళాశాల విద్యార్థులకు సంబంధించిన విషయమని మనలో అనేకులు తలచుచున్నారు. అది పొరపాటు. 2020 మార్చిలో కరోనా కారణముగా బడులు మూతబడినప్పుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. బడులు తిరిగి తెరచినారు. ఫోను మాత్రము పిల్లల చేతినుండి తిరిగి రాలేదు. వాట్సాప్ ఖాతా తెరచుటకు 13 ఏండ్లు నిండవలెనని ఆ సంస్థయే నియమము పెట్టినది. అయినను మూడవ తరగతి పిల్లవానికి వేరే ఖాతాతో పని యేమి? అమ్మ ఫోనున్నది. ఒత్తులు, గుణింతములు ఇంకను సరిగా రాకపోయినను స్వరసందేశము పంపుట వచ్చును. తోటివాని ఫోటోను స్టిక్కరుగా మార్చుటయు వచ్చును. పేరు అమ్మది, మాట పిల్లవానిది; ఆ మాట చేరునది మరియొక తల్లి ఫోనునకు.

ఒక ఉదాహరణము ఊహింపుడు. నంద్యాలలో నాలుగవ తరగతి చదువుచున్న ఒక బాలిక మధ్యాహ్న భోజనమైన పిమ్మట బల్లమీద తల వాల్చి నిద్రించినది. నోరు కొంచెము తెరచుకొని యున్నది. పెద్ద తరగతి పిల్లవాడొకడు ఆ ఫోటో తీసినాడు. సాయంకాలమునకు అది స్టిక్కరైనది. దానిక్రింద ఒక వెక్కిరింత పేరు చేరినది. మరునాటికి ఆ పేరు ఆళ్ళగడ్డలో చదువు ఆమె మేనమామ పిల్లలకు కూడ తెలిసినది. పండుగకు అక్కడికి పోయినప్పుడు ఆ పిల్లలు ఆ పేరుతోనే పిలిచిరి. పూర్వము బడిలోని వెక్కిరింత బడిగంటతో ఆగిపోయెడిది. ఇంటికి వచ్చిన బిడ్డకు ఇల్లు దిక్కయ్యెడిది. ఇప్పుడది ఇంటిలోనికి, పక్కమీదికి, చుట్టముల ఊరికి వెంబడించును. ఆ బాలిక బడికి పోనని మారాము చేయును, కడుపునొప్పి యనును. తల్లి వాము నూరి పోయును గాని అసలు నొప్పి యెక్కడనో ఆమెకు తెలియదు.

ఇట్టి అవమానమునకు బలము ఎక్కడనుండి వచ్చుచున్నది? ఫోటో తీసినవాడొక్కడు. పేరు పెట్టినవాడొక్కడు. మిగిలినవారందరు నవ్వినవారు, చూచి ఊరకున్నవారు, మరియొకరికి పంపినవారు. వాట్సాప్‌లో ఒక సందేశమును ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని 2018లో మన దేశమునందును, 2019లో ప్రపంచమంతటను కట్టడి చేసినారు. పుకార్లు వ్యాపించి ప్రాణములు పోయినందున చేసిన కట్టడి యిది. అయినను ఎక్కము తెలిసిన పిల్లవానిని లెక్క వేయుమనుడు. ఒకడు అయిదుగురికి పంపెను. ఆ అయిదుగురు తలకొక అయిదుగురికి పంపిన 25. మరియొక సారికి 125. నాలుగవ సారికి 625. మొదటి పిల్లవాడు పంపినది అయిదుగురికే; తక్కిన పాపము తక్కినవారిది. ఈ లెక్కను చింతగింజలతో నేలమీద పేర్చి చూపినచో రెండవ తరగతి పిల్లలు కూడ గ్రహింతురు. అటుపిమ్మట ఆ పేర్పులోనుండి మొదటి అయిదు గింజలలో ఒకదానిని తీసివేయుడు. దాని వెంట వచ్చిన గింజలన్నియు తొలగిపోవును. "ఆ తీసిన గింజవు నీవే కావలెను" అని చెప్పుడు. పసిమనసున అది నాటుకొనును.

ఇచ్చట మన శరణ సంప్రదాయమున తరతరములుగా చెప్పుకొనుచున్న హరళయ్య కథ స్మరింపదగినది. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవన్న బిజ్జలుని మంత్రిగా నుండెను. చెప్పులు కుట్టి జీవించు హరళయ్య ఒకనాడు వీధిలో బసవన్నకు ఎదురుపడి "శరణు" అని చేతులు జోడించెను. బసవన్న ఆగి "శరణు శరణార్థి" అని మారు పలికెను. తానర్పించినది ఒక శరణు. మంత్రి తిరిగి యిచ్చినది రెండు శరణులు. లోకము అంటరానివాడని దూరముంచినవానికి ఆ రెండవ శరణు మోయరాని బరువాయెను. ఆ ఋణమెట్లు తీరునని హరళయ్యయు, ఆయన యిల్లాలు కల్యాణమ్మయు తమ తొడల చర్మముతో పాదరక్షలు కుట్టి తెచ్చిరని కథ. తరువాత హరళయ్య కొడుకునకు, బ్రాహ్మణుడైయుండి శరణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరుగుట, దానికై ఆ తండ్రులిద్దరు రాజదండనమున ప్రాణములు విడుచుట మనమెరిగినదే.

ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు మనము సాధారణముగా పాదరక్షల దగ్గర ఆగిపోవుదుము. అంతకు ముందటి ఘట్టముననే నేటి పిల్లలకు కావలసిన పాఠమున్నది. మాట ఒకరినుండి మరియొకరికి పోవునప్పుడు పెరిగి పోవుట దాని స్వభావము. నింద యైనను పెరుగును, గౌరవమైనను పెరుగును. బసవన్న తన చెంతకు వచ్చిన గౌరవమును రెట్టింపు చేసి పంపెను. లోకము హరళయ్యకు ఇచ్చుచున్న చులకన మాట కూడ ఆ వీధిలోనే యున్నది. దానిని ఆయన ముందునకు పంపలేదు, తనయొద్ద ఆపివేసెను. ఏది ఆపవలెను, ఏది రెట్టింపు చేయవలెను అను వివేకమే నేటి ఫోనుధర్మము.

మరియొక విషయము గమనింపుడు. వేధింపు పేరుతో మొదలగును. పొట్టివాడని, నల్లనిదని, నత్తివాడని, తండ్రి చేయు పనిని బట్టి, కులమును బట్టి పిల్లలు పేర్లు పెట్టుదురు. శరణులు చేసినది దీనికి సరిగా వ్యతిరేకము. చాకలి వృత్తిని చేసిన మాచయ్య మడివాళ మాచయ్య. పడవ నడపిన చౌడయ్య అంబిగర చౌడయ్య. నులక త్రాళ్ళు పేనిన చందయ్య నులియ చందయ్య. వృత్తిని దాచలేదు, దానిని పేరునకు ముందుంచి వెనుక "అయ్య" అను గౌరవమును చేర్చిరి. కేశములనే వస్త్రముగా ధరించి లోకుల చూపులను, మాటలను దాటుకొని వచ్చిన మహాదేవిని అనుభవమంటపము "అక్క" అని పిలిచినది. ఆ అక్క నడచివచ్చి తుదకు చేరిన శ్రీశైలము 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన నంద్యాల జిల్లాలోనే యున్నది. మన పిల్లలను శ్రీశైలమునకు తీసికొనిపోవునప్పుడు మల్లికార్జునుని దర్శనముతో పాటు ఈ సంగతి కూడ చెప్పుడు: లోకము వెక్కిరించినవారికి శరణులు అక్క యని, అయ్య యని, అన్న యని పేరు పెట్టినారు, మరి నీవు నీ తోటివారికి ఏ పేరు పెట్టుచున్నావు?

ఇక ఎదిరించి నిలుచుట యనగా నేమి? ఇక్కడ పిల్లలేమి, పెద్దలేమి దారి తప్పు ప్రమాదము కలదు. నిందను సహింపరాదను గణాచారమును కొందరు కోపముగా అర్థము చేసికొందురు. వాడు మన పిల్లను వెక్కిరించినాడు, మనము వాని చెల్లెలిని వెక్కిరింతము అని ఇంకొక స్టిక్కరు పుట్టించుట గణాచారము కాదు. అది నిందకు రెండవ యిల్లు కట్టుట. అందుకే పెద్దలు గణాచారమును ఒంటరిగా విడువక దాని ప్రక్కన భృత్యాచారమును, అనగా శరణులకెల్ల నేను సేవకుడననెడి వినయమును, నిలిపినారు. బసవన్న విధించిన ఏడు నియమములలో కోపింపకుండుట, ఇతరులను చూచి ఏవగించుకొనకుండుట, ఎదుటివారిని నిందింపకుండుట చేరియున్నవి. కాబట్టి నిందను ఆపవలెను, నిందించినవానిని మరల నిందింపరాదు. ఈ రెండును కలిసినదే మన మార్గము.

ఆరేండ్లనుండి పదేండ్ల వయసు పిల్లలకు దీనిని మూడు పనులుగా నేర్పవచ్చును.

మొదటిది ఆగుట. ఒకరిని అవమానించు ఫోటో గాని, స్వరసందేశము గాని వచ్చినప్పుడు నవ్వుబొమ్మ పెట్టరాదు, మరియొకరికి పంపరాదు. "తీసివేసినచో పోవును గదా" అని పిల్లలందురు. పోదు. ఈలోపల ఎవరో ఒకరు దానిని తమ ఫోనులో దాచుకొని యుందురు. మన ఆళ్ళగడ్డ శిల్పుల పని చూపుటకు పిల్లలను ఒకసారి తీసికొనిపోవుడు. దేవతామూర్తి ముక్కుదగ్గర ఉలి అదుపు తప్పినచో ఊడిన పెచ్చును తిరిగి అతికించలేరు. అందుకే శిల్పి ప్రతి దెబ్బకు ముందు చూచుకొనును. పంపు మీట నొక్కుటకు ముందు అంత జాగ్రత్త వలెను.

రెండవది ప్రక్కన నిలుచుట. అవమానము పొందిన పిల్లకు ఆ పూట మిక్కిలి బాధ కలిగించునది వెక్కిరించినవాని మాట మాత్రమే కాదు. తన స్నేహితులు కూడ మౌనముగా నుండుట. మరునాడు బడిలో ఆమె ప్రక్కన కూర్చుండుము, కలిసి అన్నము తినుము, ఆటకు పిలువుము, ఆమె అసలు పేరుతో పిలువుము. పసిపిల్లలకు సాధ్యమైన మహాధైర్యమిది. దీనికి గట్టి గొంతు అక్కరలేదు, పెద్ద దేహమక్కరలేదు. ఈ విషయమును పరదేశములలో కూడ గుర్తించినారు. ఫిన్లాండు దేశమున టుర్కు విశ్వవిద్యాలయమువారు పాఠశాలలలో వేధింపును మాన్పుటకు కివా అను బోధనా విధానమును రూపొందించిరి. 2009 నుండి ఆ దేశమంతట అది వ్యాపించినది. వేధించు పిల్లవానికి బలమిచ్చునది చుట్టునున్న ప్రేక్షకులే గనుక ఆ ప్రేక్షకులను మార్చవలెనను సూత్రము దానికి మూలము. చూచి ఊరకుండరాదని మన గణాచారము చెప్పుచున్నదియు ఆ మాటయే గదా! మన సంచిలోనే యున్న దానిని మనము విప్పి చూడకపోవుటయే వింత.

మూడవది పెద్దలకు తెలుపుట. ఇక్కడ పిల్లలకొక సందేహము వచ్చును. "చాడీలు చెప్పరాదని మీరే అంటిరి గదా అయ్యవారూ" అందురు. తేడా తేటగా చెప్పవలెను. ఒకరికి దెబ్బలు పడవలెనని చెప్పునది చాడీ. ఒకరికి బాధ తప్పవలెనని చెప్పునది సాక్ష్యము. చాడీ చెప్పుట తప్పు. సాక్ష్యము దాచుటయు తప్పే.

ఈ మూడింటిని ఉపదేశముగా చెప్పి విడిచిన ప్రయోజనము లేదు. చిన్న నాటికగా ఆడింపవలెను. నలుగురు పిల్లలు, ఒక అట్టపెట్టె ఫోను చాలును. ఒక్కొక్కసారి ఒక్కొక్కరిని వెక్కిరింపబడినవాని స్థానమున కూర్చుండబెట్టుడు. పేరు మాత్రము కల్పితమై యుండవలెను. తరగతిలో నిజముగా బాధపడుచున్న పిల్లను ఆ స్థానమున పొరపాటున కూడ నిలుపరాదు. ఆట ముగిసిన పిదప "నీకెట్లుండెను?" అని అడిగి, చెప్పునంతసేపు వినుడు.

ఇక పెద్దలమైన మన సంగతి. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు మన మొదటి మాట యేమి? చాల ఇండ్లలో "నీవేమి చేసితివి?" అని ప్రశ్న, తరువాత ఫోను లాగికొనుట. ఆ బిడ్డ రెండవసారి చెప్పునా? చెప్పడు. కావున "చెప్పి మంచిపని చేసితివి నాయనా, నేనున్నాను" అనుట మొదట రావలెను. ఆ సందేశములను తొందరపడి తీసివేయక తెరచిత్రములుగా దాచి, బడి ప్రధానోపాధ్యాయునకు చూపవలెను. బెదరింపులు గాని, అసభ్య చిత్రములు గాని, ఇతరుల పేరుతో దొంగఖాతాలు గాని ఉన్నచో అది బడితో తీరు విషయము కాదు. పిల్లల సహాయమునకు 1098, సైబర్ నేరముల ఫిర్యాదునకు 1930 అను సంఖ్యలు కలవు. 1930 ముఖ్యముగా డబ్బు మోసములకు వాడుకలో నున్నది. తక్కిన సైబర్ నేరములకు జాతీయ సైబర్ నేర ఫిర్యాదు పోర్టలునందు గాని, దగ్గరి పోలీసు ఠాణాలో గాని వ్రాసి యీయవచ్చును. అసభ్య చిత్రములను సాక్ష్యమని చెప్పి ఇతరులకు పంపరాదు; అధికారులకే చూపవలెను.

ఉపాధ్యాయులకును ఒక మాట. పిల్లలను శారీరకముగా దండించుటనే గాక మానసికముగా వేధించుటను కూడ 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున నిషేధించినది. తరగతిలో అయ్యవారు నవ్వులాటకు పెట్టిన పేరే సాయంకాలము గ్రూపులో స్టిక్కరగును. ఇంటిలో తండ్రి బంధువుల గ్రూపులో ఎవరినో గేలిచేయు వీడియో చూచి పకపక నవ్వి పదిమందికి పంపుచుండగా, ప్రక్కన కూర్చున్న కొడుకునకు వేరొక గురువు అక్కరలేదు.

అన్నిటికంటె కష్టమైన ఘట్టము మరియొకటి కలదు. వెక్కిరించినవాడు మన పిల్లవాడే యైనచో? బాధితులైనప్పుడు ధర్మము మాటలాడుట తేలిక. "పిల్లలాట గదా, ఇంత రాద్ధాంతమా" అని అప్పుడు మన నోటనే వచ్చును. ఆటయైనచో ఇద్దరును నవ్వవలెను. ఒకరు నవ్వి ఒకరు ఏడ్చునది ఆట కాదు. అట్టి సమయమున కొట్టుటయు వలదు, కప్పిపుచ్చుటయు వలదు. తల్లిదండ్రులలో ఒకరు పిల్లవానిని వెంటబెట్టుకొని ఆ యింటికి పోవలెను. వారి కులమేదియని, వారి స్థితి యెంతయని చూడరాదు. శివాచారము సమత్వమును కోరునది ఇట్టి గడప దగ్గరనే. పిల్లవాడు తన నోటితో తప్పు ఒప్పుకొనవలెను. ఏ గ్రూపులో నింద పంపినాడో ఆ గ్రూపులోనే, ఆ పిల్ల పేరును గౌరవముగా చెప్పి, అది తప్పని తెలుపవలెను. ఒక నింద పంపినచోటికి రెండు మంచిమాటలు పంపుట. హరళయ్య వీధిలో బసవన్న నేర్పిన లెక్క యిదియే.

మఠములకొక విన్నపము. ఏటేట వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి జరుపుకొందుము. అది వేసవి సెలవుల కాలము. పిల్లలకు బడి లేదు, చేతిలో ఫోను ఉండును. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల మఠములలో ఊరేగింపు, ప్రసాదముల నడుమ ఒక్క అరగంట పిల్లలకు కేటాయింపుడు. చింతగింజల లెక్క ఒకటి, నాటిక ఒకటి, హరళయ్య కథ ఒకటి. మన కులపు పిల్లలనే గాక వీధిలోని పిల్లలందరిని పిలువుడు. అనుభవమంటపమునకు ద్వారబంధము లేకుండెనని గొప్పగా చెప్పుకొను మనము మఠపు తలుపు తెరచి యుంచుట న్యాయము.

దీక్ష పొందిన బిడ్డ ఇష్టలింగమును ఎడమ అరచేతిలో నిలుపుకొని పూజించును. ఫోను పట్టుకొనునదియు ఆ అరచేయియే. ఉదయము లింగము నిలిచిన చేతినుండి సాయంకాలము నింద వెడలినచో ఆ పూజ యెవరికి చేరును? ఈ ప్రశ్నను బిడ్డను బెదరించుటకు గాక, ప్రేమతో ఒడిలో కూర్చుండబెట్టుకొని అడుగుడు. బిడ్డకు అర్థమగును. "నా చేతికి వచ్చిన నింద నా చేతిలోనే ఆగిపోవును, నా చేతికి వచ్చిన శరణు రెండై పోవును" అని ప్రతి బాలుడు, ప్రతి బాలిక చెప్పగలిగిననాడు మన యింట గణాచారము అప్పగింత పాఠముగా గాక ఆచారముగా నిలుచును. అట్టి బుద్ధిని, అట్టి ధైర్యమును మన బిడ్డలకు శ్రీశైల మల్లికార్జునుడు ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.